సమీనా అడిగిన మొదటి ప్రశ్న

2021లో, కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన రోజులవి. పటాన్‌చెరు ప్రాంతంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచరుగా నేను అప్పటికే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా ఉద్యోగాన్ని రిసోర్స్ పర్సన్ అంటారు. కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు భరించే పాఠశాల విద్యా పథకం కింద మాలాంటి వాళ్లను మండలాల్లో నియమిస్తారు. చూపు, వినికిడి, నడక, బుద్ధి వికాసం, ఇందులో ఏ ఇబ్బంది ఉన్నా సరే, ఆ పిల్లలు ప్రభుత్వ బడిలో మిగతా పిల్లల పక్కనే కూర్చుని చదువుకునేలా చూడటం మా పని. వారంలో కొన్ని రోజులు మండల కేంద్రంలోని రిసోర్స్ రూమ్‌లో ఉంటాం. మిగతా రోజులు బడుల్లోనో, బడికి రాలేని పిల్లల ఇళ్లలోనో గడుస్తాయి. నా స్కూటీ డిక్కీ నిండా పూసల డబ్బాలు, బొమ్మల కార్డులు, గంటలు, గిలక్కాయలే. పెట్రోల్ బంకులో కుర్రాళ్లు నన్ను బొమ్మలమ్మే మనిషి అనుకునేవారు.

ఆ ఏడాది బడి మానేసిన పిల్లల్ని వెతుకుతూ ఇల్లిల్లూ తిరిగాం. ముత్తంగి వైపు వెళ్లినప్పుడు నాతో స్వరూప ఉంది. ఆమె అక్కడికి దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు వెంట గోదాములు, లారీ మెకానిక్ షెడ్లు, టైర్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. వాటి మధ్య ఖాజా భాయ్ వెల్డింగ్ వర్క్‌షాప్. ముందు షెడ్డులో గేట్లు, గ్రిల్స్ తయారుచేస్తాడు, లారీ బాడీలకు అతుకులు వేస్తాడు. వెనక రెండు గదుల్లో కాపురం.

"బడికి పోయే పిల్లలు ఉన్నారా అమ్మా?" అని స్వరూప అడిగితే, గడపలో కూర్చున్న ఖాజా భాయ్ తల్లి హజ్రాబీ తల అడ్డంగా ఊపింది.

"ఒక పిల్ల ఉంది గానీ, అది బడికి పనికిరాదు. దాని దిల్‌కు వస్తేనే ఇంటది. లేకుంటే రాయి లెక్క కూసుంటది."

ఆ పిల్ల సమీనా. తొమ్మిదేళ్లుంటాయి. లోపల గచ్చు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఇంతకు ముందు ఎక్కడో ఒక చిన్న ప్రైవేటు బడికి పంపారట. ఒకటో తరగతి రెండుసార్లు చదివించి, ఇక లాభం లేదని వాళ్లు పంపేశారట. ఆ తర్వాత కరోనా వచ్చింది. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నేను ఆమె కళ్లను చూశాను. ఎవరు లోపలికి వస్తే వాళ్ల ముఖాన్ని, పెదవులను, చేతులను గబగబా చదివేస్తోంది. మందబుద్ధి పిల్ల చూపు కాదది. "చెవులు ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" అని తల్లి నస్రీన్‌ను అడిగాను.

"చెవులు మంచిగనే ఉన్నయ్ మేడం. రోడ్డు మీద లారీ వస్తే మా అందరికన్నా ముందుగాల దానికే తెలుస్తది."

అన్నట్టే ఒక బరువు లారీ మలుపు తిరిగింది. సమీనా చప్పున తలెత్తి వాకిలి వైపు చూసింది. చూశారా అన్నట్టు నస్రీన్ నా వైపు తిరిగింది. కానీ సమీనా ఎడమ అరచెయ్యి నేలకు ఆనుకుని ఉందని నేను గమనించాను. వినపడని పిల్లలు చాలామంది నేల అదురును అలాగే పట్టుకుంటారు.

ఆమెను లేపి, మంచంపై మడతపెట్టిన బొంతల మీద, కాళ్లు నేలకు తగలకుండా కూర్చోబెట్టి, పూసలు చేతికిచ్చాను. కాసేపటికి మరో లారీ పోయింది. సమీనా పూసలు గుచ్చుతూనే ఉంది. వెనక నిలబడి ఇత్తడి గంట మోగించాను. ఆమెలో కదలిక లేదు.

అప్పటికే ఖాజా భాయ్ వెల్డింగ్ మాస్కు నుదుటి మీదికి నెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి నా చేతిలోని గంట తీసుకుని, కూతురి వెనక నిలబడి తానే మోగించాడు. తర్వాత "సమీనా" అని పిలిచాడు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. ఆమె ఎర్ర పూస కోసం డబ్బాలో వెతుకుతోంది.

ఆయన గంటను నేల మీద పెట్టి, గోడ పక్కన కూర్చున్నాడు. "మాట ఇంటలేదని కొట్టిన మేడం. ఎన్నోసార్లు కొట్టిన."

స్వరూప నెమ్మదిగా, "సోమవారం నుంచి మా బడికి పంపు అన్నా. పేరు నేను రాసుకుంటా. మిగతావి తర్వాత చూసుకుందాం," అంది.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఆడియోగ్రామ్ తీయించాం. ఏ చెవి ఎంత శబ్దాన్ని అందుకోగలదో గీత గీసి చూపే పరీక్ష అది. రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం ఉందని తేలింది. పరీక్ష చేసిన ఆడియాలజిస్ట్ నస్రీన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని దాపరికం లేకుండా చెప్పింది. "చాలా చిన్నప్పుడే తెలిసుంటే చెవిలో పరికరం పెట్టే ఆపరేషన్‌కు అవకాశం ఉండేదమ్మా. ఇప్పుడు మెషీన్లు పెడదాం, కొంత వినపడుతుంది. మాట మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. భాష మీద మాత్రం ఆశ వదలకండి."

నస్రీన్‌కు అర్థం కాలేదు. మాట, భాష ఒకటే కదా అని దారంతా నన్ను అడుగుతూనే వచ్చింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు ఆమెకు ఎంత అందిందో తెలియదు. దాన్ని నిజంగా అర్థం చేయించింది సమీనాయే, చాలాకాలం తర్వాత.

ఏటా మా పథకం కింద పరికరాల క్యాంపు పెడతారు. చక్రాల కుర్చీలు, నడవడానికి ఆసరాగా కాలికి కట్టే కాలిపర్స్, వినికిడి మెషీన్లు అక్కడే కొలతలు తీసి ఇస్తారు. కుటుంబం చేతినుంచి పెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు. సమీనా చెవి లోపలి ఆకారం అచ్చు తీసి, దానికి సరిపోయే మౌల్డ్ చేయించి, చెవి వెనక పెట్టుకునే మెషీన్లు రెండు ఇచ్చారు. మొదటిసారి వాటిని ఆన్ చేసినప్పుడు ఆమె భయపడి ఏడ్చింది. ఇంటికి వెళ్లాక ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు పోస్తే చప్పుడవుతుందని తెలుసుకుంది. ఆ మధ్యాహ్నమంతా పోస్తూనే ఉందని, గచ్చంతా తడిసినా ఎవరూ ఆపలేదని నస్రీన్ నవ్వుతూ చెప్పింది.

రెండో వారం నేను వెళ్లేసరికి చెవులకు మెషీన్లు లేవు. వెతగ్గా వెతగ్గా గోధుమపిండి డబ్బాలో దొరికాయి.

"పెడితే గుంజి పారేస్తున్నది మేడం. తల పట్టుకుని ఏడుస్తున్నది," అంది నస్రీన్. ముందు షెడ్డులో గ్రైండర్ ఇనుమును కోస్తోంది. నా చెవులకే ఆ చప్పుడు భరించలేనట్టుగా ఉంది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. వినికిడి మెషీన్ అమ్మ మాటను, గ్రైండర్ మోతను వేరుచేయలేదు. దేన్నైనా పెద్దది చేసే ఇస్తుంది. సమీనా ఇంట్లో ఉన్నంతసేపూ ఆ రొద ఆమె చెవుల్లోనే పేలుతోంది.

నేను ఖాజా భాయ్‌కి అదే చెప్పాను. పరిష్కారం ఏమీ చెప్పలేకపోయాను. ఆ మిషన్ మీదే వాళ్ల తిండి నడుస్తోంది. ఆయన గ్రైండర్ వైపు ఒకసారి, పిండి డబ్బా వైపు ఒకసారి చూసి తలాడించాడు.

మరుసటి వారం నేను సాయంత్రం వెళ్లాను. సమీనా అప్పుడే బడి నుంచి వచ్చింది. వర్క్‌షాప్‌లో చప్పుడు లేదు. ఖాజా భాయ్ ఒక గేటుకు రంగు వేస్తున్నాడు. ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు వెల్డర్లు, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు, టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటున్నారు.

"కరెంటు పోయిందా భాయ్?" అని అడిగాను.

"లేదు మేడం. కోసుడు, కొట్టుడు అంత బిడ్డ బడికి పోయిన టైముల. అది ఇంటికొచ్చినంక రంగులేసుడు, నాపలు తీసుడు, సామాను సదురుకునుడు. ఇగ గిట్లనే పెట్టుకున్న."

నేను పాఠం మొదలుపెట్టాను. మధ్యలో ఒక లారీ యజమాని వచ్చాడు. ఖాజా భాయ్‌కి పాత గిరాకీ. వెనక తలుపు బందు తెగిందట, లోడు ఎక్కించాలట.

"పొద్దుగాల రండి సేఠ్. మొదలు మీదే చేస్త," అన్నాడు ఖాజా భాయ్.

"ఇప్పుడేమైంది? ఖాళీగనే ఉన్నవ్ గదా."

"ఖాళీగ లేను. లోపల బిడ్డ చదువుతున్నది."

"నీ బిడ్డ చదువుకు, నా తలుపుకు ఏం సంబంధమయ్యా?"

ఖాజా భాయ్ బ్రష్షు పక్కన పెట్టాడు. విసుగు లేకుండా, ఎవరికైనా దారి చెబుతున్నట్టు చెప్పాడు. "దాని చెవులకు మిషన్ పెట్టిండ్రు సేఠ్. ఇప్పుడిప్పుడే ఇనుడు నేర్సుకుంటున్నది. నేను ఇనుము కోస్తే దానికి దునియాల ఇంకేం ఇనబడదు."

ఆ పెద్దమనిషి ఇంకో షాపు చూసుకుంటానని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా, సాయంత్రం ఆ షెడ్డులో గ్రైండర్ తిరగడం నేను వినలేదు. ఆయన పని చూసినవాళ్లు కొందరు పొద్దున్నే రావడం అలవాటు చేసుకున్నారు. కొందరు మానేశారు.

బడిలో స్వరూప చేసింది కూడా చెప్పాలి. టీచర్లకు మేమిచ్చే శిక్షణలో ఒక మాట ఎప్పుడూ చెబుతాం, వినికిడి లోపమున్న పిల్లలున్న తరగతిలో బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని. చాలామంది వింటారు, రెండు రోజుల్లో మరిచిపోతారు. స్వరూప మరిచిపోలేదు. రాసేటప్పుడు నోరు మూసుకుని రాసేది. తిరిగి, పిల్లల వైపు చూసి, అప్పుడు మాట్లాడేది. కిటికీ వెలుగు తన ముఖం మీద పడి, పెదవులు సమీనాకు బాగా కనబడే చోట, ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టింది. తరగతిలో ప్రతి వస్తువు మీద దాని పేరు, పక్కన బొమ్మ అంటించింది. సమీనాకు రాత ఇష్టం. పలక మీద అక్షరాలు ముత్యాల్లా దిద్దేది.

అయినా ఏడాది గడిచేసరికి నాకు దిగులు పట్టుకుంది. ఇంట్లో ఉర్దూలో అమ్మీ, పానీ, ఇవ్వు అనడానికి దే లాంటి మాటలు కొన్ని పలుకుతోంది. బడిలో తెలుగు పేర్లు చూసి రాస్తోంది. కానీ అన్నీ విడివిడి పేర్లే. ఆకలేస్తే పళ్లెం చూపిస్తుంది. కోపమొస్తే తలుపు తంతుంది. నిన్న ఏం జరిగిందో చెప్పలేదు. రేపు ఏం కావాలో అడగలేదు. ఆడియాలజిస్ట్ మాటను, భాషను వేరుచేసి చెప్పింది ఇందుకే. మాట కొంచెం వచ్చింది, భాష రాలేదు.

సైగల భాష కూడా మొదలుపెడదామని అన్నాను. చెవిటివాళ్లు వాడే పద్ధతైన భాష అది. దానికీ వ్యాకరణం ఉంది, దానిలోనూ కథలు చెప్పుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు. హజ్రాబీకి నచ్చలేదు.

"ఇన్నొద్దుల సంది పెదవులు కదిలిస్తున్నది. ఇప్పుడు చేతులు ఊపుమంటవా? గల్లీల అందరు మూగది అంటరు. రేపు దాన్ని ఎవరు చేసుకుంటరు?"

నస్రీన్ కూడా తల దించుకుంది. కూతురి నోటి నుంచి మాట వినాలని ఆమె పడిన తపన నాకు తెలుసు. ప్రతి సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కో మాట వందసార్లు చెప్పేది. మాటలు మానేయమని కాదు, అవీ ఉంటాయి, ఇవీ ఉంటాయి అని నేను చెబుతూనే ఉన్నాను. వాళ్లకు అది ఓటమిని ఒప్పుకున్నట్టు అనిపించింది.

అప్పుడు ఖాజా భాయ్ తల్లితో అన్నాడు. "అమ్మీ, షెడ్డుల మిషన్ నడుస్తుంటే మేం ముగ్గురం ఎట్ల మాట్లాడుకుంటం? నేను చేత్తోనే చెప్త, పట్టు అని, ఆపు అని. వాళ్లు చేత్తోనే చెప్తరు. మేం మూగోళ్లమైనమా?" తర్వాత నా వైపు తిరిగాడు. "ముందుగాల నాకు నేర్పుండ్రి మేడం. నాకొస్తే బిడ్డకు నేను నేర్పుత."

అలా మా పాఠానికి కొత్త విద్యార్థి దొరికాడు. ఆయన వేళ్లు కాలిన మచ్చలతో మొద్దుబారి ఉండేవి. కొన్ని సైగలకు వేళ్లు సరిగా వంగేవి కావు. చేసి చూపించి, తప్పా అని అడిగి, మళ్లీ చేసేవాడు. ఫోన్‌లో సైగల వీడియోలు చూసేవాడు. నెల తిరక్కుండానే జార్ఖండ్ వెల్డర్లు కూడా పట్టేశారు. గ్రైండర్ మోతలో అరుచుకునే బదులు వాళ్లు సైగలతో టీ తెప్పించుకోవడం, జోకులు వేసుకోవడం నేను కళ్లారా చూశాను. సమీనా బడి నుంచి రాగానే బ్యాగు పడేసి షెడ్డులోకి పరిగెత్తేది. లోకంలో అందరూ తన భాష మాట్లాడే చోటు అదొక్కటే.

వానాకాలం ముగుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. ఖాజా భాయ్ కొత్త గేటుకు రెడ్ ఆక్సైడ్ పూస్తున్నాడు. ఇనుముకు మొదట వేసే ఎర్ర రంగు అది. దాని మీద నల్ల రంగు వేస్తారు. సమీనా పక్కన నిలబడి చాలాసేపు చూసింది. తండ్రి భుజం తట్టింది. ఎరుపు అని సైగ చేసింది. తర్వాత నలుపు. ఆరబెట్టిన పాత గేటును చూపించింది, ఎరుపు పైన నలుపు వచ్చిందని. తర్వాత కనుబొమ్మలు ముడిచి, ఎందుకు అన్న సైగ చేసింది.

ఖాజా భాయ్ చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది. రంగు చుక్కలు ఆయన పాదం మీద పడుతున్నాయి. ఆయన నన్ను చూశాడు. పేర్లు చెప్పడం వేరు, కావాల్సింది చూపించడం వేరు. తెలియనిది ఒకటుందని గ్రహించి, దాన్ని ఇంకొకరి దగ్గర తెలుసుకోవచ్చని నమ్మితేనే మనిషి ప్రశ్న అడుగుతాడు.

"మేడం," అన్నాడు. "పుట్టినకాడికెంచి మొదటిసారి, నా బిడ్డ నన్ను ఒక సంగతి అడిగింది."

నస్రీన్ లోపలి నుంచి పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. మాట వేరు, భాష వేరని ఆమెకు ఇక నేను విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఖాజా భాయ్ పని వదిలేసి కూతురికి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. తుప్పుపట్టిన ముక్క ఒకటి తెచ్చి వేలితో రాసి చూపించాడు, ఎలా రాలిపోతుందో. వాన, ఇనుము, తినేస్తుంది అని సైగ చేశాడు. అంతటితో ఆగలేదు. రంగు వేసిన ముక్కను ఒకటి, వేయని ముక్కను ఒకటి నీళ్ల డబ్బాలో వేసి, రోజూ వచ్చి చూడు అన్నాడు. ఆ రోజు నా పాఠం జరగలేదు. నేను స్టూలు మీద కూర్చుని వాళ్లిద్దరినీ చూస్తూ ఉండిపోయాను. నా ఉద్యోగంలో అంత మంచి సైన్సు పాఠం నేను చూడలేదు, నేను చెప్పినవి కూడా కలుపుకుని.

తర్వాత ఇక సమీనా ప్రశ్నలు ఆగలేదు. మేక ఎందుకు నెమరేస్తుంది, చంద్రుడు ఎందుకు తగ్గిపోతాడు, స్వరూప టీచర్ చీరలు కట్టుకుంటే మీరు డ్రెస్సులు ఎందుకు వేసుకుంటారు అని నన్నే అడిగింది. ఒకరోజు హజ్రాబీ దగ్గరికి వెళ్లి, నీకు పళ్లు ఎందుకు లేవు అని అడిగిందట. ముసలామెకు ప్రశ్న అర్థం కాక, చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఉడుక్కుంది. నేను వెళ్లగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్ల నన్ను ఏమో అన్నది. నాకు గూడ జెర నేర్పు. మళ్ల జవాబు చెప్పాలె."

సమీనా ఇప్పుడు హైస్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. ఆమె ఉచ్చారణ ఇంట్లోవాళ్లకు, దగ్గరివాళ్లకే అర్థమవుతుంది. తెలుగు చదువుతుంది, రాస్తుంది. లెక్కల్లో ముందుంటుంది. ఉర్దూ అక్షరాలు తల్లి నేర్పుతోంది. మా పథకం ఆమెకు ఇచ్చింది ఒక పరీక్ష, రెండు మెషీన్లు, పుస్తకాలు, వారానికి ఒకసారి నేను. ఇవి లేకుండా ఏమీ మొదలయ్యేది కాదని నేను గట్టిగా చెప్పగలను. ఎక్కడో బడ్జెట్‌లో ఎవరో ఈ పిల్లల కోసం పక్కన పెట్టిన నిధి ముత్తంగి సర్వీసు రోడ్డు దాకా వచ్చి ఒక గడప తొక్కింది. ఆ తర్వాతి దారి మాత్రం ఆ ఇల్లు నడిచింది, ఆ తరగతి గది నడిచింది. ఈ కేసు తర్వాత నేను పని చేసే తీరు మారింది. పిల్లలకు ఎన్ని మాటలు వచ్చాయని తల్లిదండ్రులను అడగడం మానేశాను. ఈ వారం మిమ్మల్ని ఏమైనా అడిగిందా అని అడుగుతున్నాను. పిల్లకు నేర్పడానికి వెళ్లినప్పుడు ముందు ఇంట్లో ఎవరు నేర్చుకుంటారో వెతుకుతున్నాను.

ఈమధ్య జిన్నారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసే యువకుడు భార్యతో, చిన్న కూతురితో మా రిసోర్స్ రూమ్‌కు వచ్చాడు. పాపకు రెండేళ్లు నిండలేదు. చప్పుడుకు తిరగడం లేదని అంగన్‌వాడీ టీచరు పంపింది. పరీక్షకు వెళ్లమంటే అతను వెనకాడుతున్నాడు. సెలవు దొరకదంటాడు, పెద్దయితే అదే సర్దుకుంటుందని ఊళ్లో పెద్దలన్నారంటాడు. నేను ఎన్ని చెప్పినా తలూపుతున్నాడు గానీ వినడం లేదు. చివరికి ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాను. అరగంటలో బండి మీద వచ్చాడు.

అతని పక్కనే నేల మీద కూర్చుని, పాపను ఒళ్లోకి తీసుకుని, ఖాజా భాయ్ చాలాసేపు హిందీలో, తెలుగులో కలిపి మాట్లాడాడు. నేను కల్పించుకోలేదు.

"మాట్లాడుతదా అన్నా?" అని అడిగాడు ఆ యువకుడు.

"అది డాక్టర్లు చెప్తరు తమ్ముడూ. నీ బిడ్డ చిన్నది, టైము ఉన్నది. నాకు తెలిసేసరికి నా బిడ్డకు తొమ్మిదేండ్లు. నువ్వు రేపు అనకు."

అని లేచి నిలబడ్డాడు. ఆ భార్యాభర్తలను ఆటో ఎక్కించి, ఆస్పత్రి దారి చూపిస్తానని తాను ముందు బండి మీద బయలుదేరాడు. ఆ రోజు ఆయన వర్క్‌షాప్ తీయలేదు.